పక్క బెడ్ ఆయనకు అక్కర్లేని ఇంజెక్షన్ మా ఆవిడకెందుకు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం ప్రాంతం. నా భార్యకు 34 ఏళ్లు, బరువు 46 కిలోలు. మాకు ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నరగా ఆమె డయాలసిస్ మీద ఉంది. ఈ మధ్యలో రక్తం తగ్గిపోయి ఐదుసార్లు ఎక్కించాల్సి వచ్చింది. వాళ్లమ్మకు షుగర్ ఉందని వద్దన్నారు కాబట్టి నా కిడ్నీ ఇస్తున్నాను. నా కణాలు ఆమె రక్తానికి పడతాయా అని చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష నెగటివ్ వచ్చింది. కానీ ఇంకో పరీక్షలో డీఎస్‌ఏ, అంటే నా కిడ్నీకి ఎదురుతిరిగే యాంటీబాడీలు, కొద్దిగా కనబడుతున్నాయట. అందుకని ఆపరేషన్ రోజు నుంచి కుందేలు నుంచి తయారుచేసిన యాంటీబాడీ ఇంజెక్షన్ ఇవ్వాలన్నారు. ఒంట్లో యాంటీబాడీలు ఉంటే కిడ్నీకి ప్రమాదం అని చెప్పినవాళ్లే మళ్లీ యాంటీబాడీలు ఎక్కిస్తామంటే నాకు అర్థం కాలేదు. డయాలసిస్‌లో పక్క బెడ్ ఆయనకు వాళ్ల అన్నయ్య కిడ్నీ ఇచ్చారు. పోలికలన్నీ కలిశాయని ఆయనకు అసలు ఈ ఇంజెక్షనే ఇవ్వలేదట. అమెరికాలో ఉన్న మా బావ నెలకో ఇంజెక్షన్ వేసుకుంటే మాత్రలే అక్కర్లేదంటున్నాడు. డబ్బు సర్దుకోవడానికి చాలా కష్టంగా ఉంది. ఈ ఇంజెక్షన్ లేకుండా ఆపరేషన్ చేయించుకోవచ్చా? వేయించుకుంటే పిల్లల్ని తన దగ్గరికి రానివ్వకూడదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- పేరు రాయవద్దన్న ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీ అసలు ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. మీరు రాసిన వివరాల్ని బట్టి చూస్తే మీ డాక్టరుగారు ఆ ఇంజెక్షన్ అడగడానికి గట్టి కారణమే ఉంది. ఖర్చు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా చూడండి గానీ దీని దగ్గర వద్దు. అయితే ఇది ఒక్కటే సరిపోతుందా అన్నది మీరు ఆయన్ని అడగాల్సిన ప్రశ్న. ఎందుకో వివరంగా చెబుతాను.

యాంటీబాడీ అనే మాట దగ్గరే చాలామంది తికమకపడతారు. యాంటీబాడీ అంటే ఒక ఫలానా గుర్తును పట్టుకుని దానికే అతుక్కునే ప్రొటీన్. అది మంచిదా చెడ్డదా అన్నది దేన్ని పట్టుకుంటుంది అన్నదాన్ని బట్టే ఉంటుంది. హెపటైటిస్-బి టీకా వేయించుకున్నాక వచ్చేవీ యాంటీబాడీలే, అవి ఆ వైరస్‌ను పట్టుకుంటాయి. మీ ఆవిడ రక్తంలో డీఎస్‌ఏ అని రాసినవి మీ కణాల మీదున్న గుర్తుల్ని పట్టుకునేవి. అందుకే అవి మీ కిడ్నీకి ప్రమాదం. కుందేలు నుంచి తయారైన ఇంజెక్షన్‌లోని యాంటీబాడీలు మీ కిడ్నీ జోలికి పోవు. అవి ఆమె ఒంట్లో ఉండే టి-కణాలను, అంటే కొత్త అవయవం మీదికి దాడిని నడిపించే తెల్ల రక్తకణాలను, పట్టుకుని తగ్గించేస్తాయి. రెండింటికీ పేరు ఒకటే, పని మాత్రం పూర్తిగా వేరు.

మరి మీ గుర్తుల్ని పట్టుకునే యాంటీబాడీలు ఆమె ఒంట్లోకి ఎలా వచ్చాయి? మీరు పక్క బెడ్ ఆయన గురించి రాస్తూ ‘పోలికలు కలిశాయి’ అన్నారు, సరైన మాటే వాడారు. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఉంటాయి. ముక్కూ మొహమూ లాగే అవి కూడా సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. కాబట్టి మీ పిల్లలు కడుపులో ఉన్నప్పుడు వాళ్ల కణాల మీద మీ గుర్తులు సగం ఉన్నాయి. గర్భంలోనూ కాన్పు సమయంలోనూ బిడ్డ రక్తకణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. ఆమె ఒళ్లు మీ గుర్తుల్ని అప్పుడే చూసింది, కొంతమంది తల్లుల్లో జరిగినట్టే వాటిని గుర్తుపెట్టుకుంది. ఆ పైన ఐదుసార్లు ఎక్కించిన రక్తంతో ఇంకా ఎవరెవరివో గుర్తులు చూసింది. భార్యకు భర్త కిడ్నీ ఇచ్చేటప్పుడు ఈ ఇబ్బంది ఎదురుకావడం కిడ్నీ డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే. ఇందులో మీ ఆవిడ తప్పు గానీ మీ తప్పు గానీ ఏమీ లేదు. ‘నీ కిడ్నీ ఆమెకు పడదట’ అని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఈ సంగతి వాళ్లకు చెప్పండి. బిడ్డల్ని కన్న ఒళ్లు అది.

పక్క బెడ్ ఆయన సంగతి వేరు. అన్నదమ్ములకు హెచ్‌ఎల్‌ఏ గుర్తులు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది. ఆయనకు కలిశాయి. మగవాడు కాబట్టి గర్భం అనే మాటే లేదు. అలాంటివాళ్లకు కొన్ని ఆసుపత్రుల్లో ఈ మొదటి ఇంజెక్షన్ ఏదీ లేకుండానే మాత్రలతో మొదలుపెడతారు. మధ్యరకంగా ఉన్నవాళ్లకు బాసిలిక్సిమాబ్ అనే యాంటీబాడీ ఇస్తారు. ఆపరేషన్‌కు ముందు రెండు గంటల్లోపు 20 మిల్లీగ్రాములు, నాలుగో రోజున ఇంకో 20, అంతే. అది టి-కణాలను చంపదు. దాడికి సిద్ధమైన టి-కణాల మీద ఉండే ఒక తలుపుకు గడియ పెడుతుంది, దాంతో అవి సంఖ్య పెంచుకోలేవు. దుష్ప్రభావాలు కూడా తక్కువ. మీరు ‘కనీసం అదైనా ఇవ్వొచ్చుగా’ అని అడగవచ్చు. 2009లో వచ్చిన అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు, కేడీఐజీవో అంటారు వాటిని, మామూలు రోగులకు బాసిలిక్సిమాబ్ రకాన్నే మొదటి ఎంపికగా చెప్పాయి. కానీ రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించే ప్రమాదం, ఎక్కువగా ఉన్నవాళ్లకు టి-కణాలను తగ్గించే మందు వాడమన్నాయి. ముందే యాంటీబాడీలు ఉన్న రోగి ఆ రెండో కోవలోకి వస్తుంది.

దీనికి ఆధారంగా నిలిచిన పరిశోధన ఒకటి 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ప్రమాదం ఎక్కువ ఉన్న 278 మంది మీద ఈ రెండు మందుల్నీ పోల్చి చూశారు. ఏడాది లోపల తీవ్రమైన రిజెక్షన్ కుందేలు యాంటీబాడీ తీసుకున్నవాళ్లలో 15.6 శాతం మందికి, బాసిలిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 25.5 శాతం మందికి వచ్చింది. వాళ్లంతా చనిపోయిన దాతల కిడ్నీలు పొందినవాళ్లు, మీ ఆవిడకు బతికున్న దాత కిడ్నీ వస్తోంది. కాబట్టి ఆ అంకెలు ఆమెకు అచ్చంగా వర్తించవు. ఇంకో మాట కూడా చెప్పాలి. కిడ్నీ పూర్తిగా పోవడం, ప్రాణం పోవడం విషయంలో ఆ ఏడాదిలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. మొత్తమ్మీద ఇన్ఫెక్షన్లు కుందేలు మందు తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ. అంటే దీనికి లాభం ఉంది, దాంతోపాటు మూల్యం కూడా ఉంది. ఇది మీకు తెలిసి ఉండాలి.

‘కుందేలు’ అనగానే మీ ఇంట్లోవాళ్లు భయపడుతుండవచ్చు. ఆమెకు ఎక్కించేది కుందేలు రక్తం కాదు. మనిషి థైమస్ గ్రంథి కణాలను కుందేలుకు ఎక్కిస్తే, దాని ఒళ్లు ఆ కణాల మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటిని వేరుచేసి, శుద్ధిచేసి, పొడిగా సీసాల్లో నింపుతారు. ఆసుపత్రిలో ఏటీజీ అంటారు. ఈ దారి కొత్తదేమీ కాదు. 1966లోనే అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ గుర్రాల నుంచి తీసిన ఇలాంటి మందును కిడ్నీ మార్పిడి రోగులకు వాడాడు. 1986లో ఎలుక కణాల నుంచి తయారైన ఓకేటీ-3 అనే యాంటీబాడీకి అమెరికాలో అనుమతి వచ్చింది. మనుషుల చికిత్సకు అనుమతి పొందిన మొట్టమొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఒకే గుర్తును పట్టుకునేలా ఒకే రకంగా తయారుచేసిన యాంటీబాడీ, అదే. ఇవాళ క్యాన్సర్‌కీ కీళ్లవాతానికీ వాడుతున్న అలాంటి మందులన్నీ దాని తరవాత వచ్చినవే, అంటే వాటికి దారి వేసింది కిడ్నీ రోగులే.

ఇక నేను ముందు చెప్పిన ఆ ప్రశ్నకు వస్తాను. ఏటీజీ పని ముఖ్యంగా టి-కణాల మీద. ఆమె రక్తంలో ఇప్పటికే తిరుగుతున్న డీఎస్‌ఏను అది తుడిచిపెట్టదు. కాబట్టి ఆ ‘కొద్దిగా’ అన్నది ఎంత అన్నదే ముఖ్యం. రిపోర్టులో ఆ యాంటీబాడీలు ఏ మేరకు ఉన్నాయో సూచించే ఎంఎఫ్ఐ అని ఒక అంకె ఉంటుంది, అది చూడండి. ఎంత దాటితే ప్రమాదం అనేదానికి ఒక్కో ల్యాబ్ ఒక్కో గీత పెట్టుకుంటుంది. అందుకని ఆ అంకెను ఇంటర్నెట్‌లో పోల్చుకోకుండా డాక్టరుగారినే అడగండి. బాగా తక్కువైతే ఏటీజీ, మంచి మాత్రలు, ఆపరేషన్ తరవాత గట్టి నిఘా, వీటితో ముందుకు వెళ్తారు. అంతకంటే ఎక్కువైతే ఆపరేషన్‌కు ముందు ప్లాస్మా మార్పిడి చేసి రక్తంలోని యాంటీబాడీలను వడకట్టడం, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఇవ్వడం లాంటివి కూడా కావాల్సి రావచ్చు. అప్పుడు ఖర్చు లెక్కే మారిపోతుంది. కాబట్టి ఇది ఇప్పుడే తేల్చుకోవాలి.

క్రాస్‌మ్యాచ్ నెగటివ్ రావడం మాత్రం మీకు పెద్ద ఊరట. ఆమె సీరమ్‌ను, అంటే రక్తంలో కణాలు తీసేసిన ద్రవాన్ని, మీ కణాలతో కలిపినప్పుడు కణాలు చావలేదు అని దాని అర్థం. 1969లో పటేల్, టెరసాకి అనే ఇద్దరు ఈ పరీక్ష విలువ ఏమిటో లెక్కలతో చూపించారు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ అయినా మార్పిడి చేసిన 30 మందిలో 24 మందికి కిడ్నీ వెంటనే పోయింది. నెగటివ్ వచ్చిన 195 మందిలో అలా పోయింది 8 మందికే. ఇవాళ ఈ పరీక్ష లేకుండా ఎవరూ కత్తి పట్టరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది నా రోగులకు నేను మళ్లీ మళ్లీ చెప్పే మాట. ఆపరేషన్ జరిగేలోపు ఆమెకు వీలైనంత వరకు రక్తం ఎక్కించకుండా చూడండి. హిమోగ్లోబిన్ తగ్గితే రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లు, ఐరన్ సరిగ్గా అందుతున్నాయా అని అడగండి. తప్పనిసరై ఎక్కిస్తే, ఎక్కడ ఎక్కించినా సరే, ఆ రోజే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు ఫోన్ చేసి చెప్పండి. ఒక్క సీసా రక్తంతో కొత్త యాంటీబాడీలు పుట్టవచ్చు, అప్పుడు పాత నెగటివ్ రిపోర్టుకు విలువ ఉండదు, పరీక్ష మళ్లీ చేయాలి. ఒకవేళ ఆ పరీక్షలో యాంటీబాడీలు బాగా పెరిగినట్టు తేలితే కూడా దారులు మూసుకుపోవు. మీలాగే జత కుదరని ఇంకో కుటుంబంతో దాతలను మార్చుకునే పద్ధతికి 2011 సవరణతో మన చట్టం వీలు కల్పించింది. అంటే మీ కిడ్నీ వాళ్ల మనిషికి, వాళ్లది మీ ఆవిడకు. ఆ మాట కూడా చెవిన వేసి ఉంచండి.

డబ్బు గురించి. ఏటీజీ మోతాదు బరువును బట్టి ఉంటుంది, అందుకే బరువు రాసి మంచిపని చేశారు. ఎక్కువగా వాడే థైమోగ్లోబులిన్ అయితే మొత్తం మీద కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు, రెండు మూడు రోజులు లేదా ఇంకొన్ని రోజులుగా పంచి ఇస్తారు. కిలోకు 3 అనుకుంటే 46 కిలోలకు 138 మిల్లీగ్రాములు. సీసాలో 25 ఉంటాయి కాబట్టి ఆరు సీసాలు. 4.5 అనుకుంటే తొమ్మిది. మీకు ఇచ్చిన ఎస్టిమేట్‌లో ఎన్ని సీసాలు రాశారో, కిలోకు ఎంత లెక్కన రాశారో అడిగి తెలుసుకోండి. అడగడం మీ హక్కు, ఏ మంచి డాక్టరూ దానికి నొచ్చుకోడు. గ్రాఫలాన్ అని ఇంకో రకం ఏటీజీ ఉంది, దాని మోతాదు లెక్క పూర్తిగా వేరు. రెండింటి మిల్లీగ్రాములను పక్కపక్కన పెట్టి పోల్చకండి. మీకు ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే దాని ప్యాకేజీలో ఈ ఇంజెక్షన్ కలిసి ఉందా, విడిగా కొనాలా అన్నది ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బంది దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద అప్పు చేయకండి.

ఇచ్చే రోజు ఎలా ఉంటుందో కూడా చెబుతాను, తెలిస్తే భయం తగ్గుతుంది. పెద్ద సిరలో పెట్టిన లైన్ ద్వారా నెమ్మదిగా ఎక్కిస్తారు. మొదటి డోసుకు కనీసం ఆరు గంటలు, తరవాతివాటికి నాలుగు గంటలు. ముందుగా స్టీరాయిడ్, పారాసిటమాల్, అలర్జీ మందు ఇస్తారు. అయినా వణుకు, జ్వరం రావచ్చు. టి-కణాలు పగిలి వాటిలోని రసాయనాలు బయటికి రావడం వల్ల అలా అవుతుంది, చాలామందికి మొదటి డోసుతోనే పోతుంది. రోజూ రక్తపరీక్ష చేసి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూస్తారు. బాగా పడిపోతే డోసు సగానికి తగ్గిస్తారు లేదా ఆపుతారు. అలా ఆపితే మందు వికటించిందని కంగారుపడకండి. ఆమె ఎప్పుడైనా కుందేళ్లు పెంచి ఉంటే, వాటి వల్ల దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

మూల్యం అన్నాను కదా, అది ఇది. టి-కణాలు మళ్లీ పుంజుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో సైటోమెగలో వైరస్ లాంటివి తల ఎత్తుతాయి. అందుకే మూడు నుంచి ఆరు నెలలు వాల్‌గాన్‌సైక్లోవిర్, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ ఇస్తారు. వాల్‌గాన్‌సైక్లోవిర్ ఖరీదైన మాత్ర, మీ లెక్కలో దాన్నీ ఇప్పుడే వేసుకోండి. ఏటీజీకి సర్దుకుని దీని దగ్గర చేతులెత్తేసిన కుటుంబాలను చూశాను, చాలా బాధేస్తుంది. మీ ఇంట్లో గానీ దగ్గరివాళ్లలో గానీ ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. దీర్ఘకాలంలో చర్మ క్యాన్సర్లు, లింఫోమా (తెల్లకణాల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్) ప్రమాదం మామూలువాళ్ల కంటే కొంత పెరుగుతుంది. కిడ్నీని కాపాడే మందులన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది, ఏటీజీ ఒక్కదానిదే కాదు.

మీ బావగారు చెబుతున్నది బహుశా బెలాటాసెప్ట్ గురించి అయ్యుండాలి. 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, నెలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. మంచి మందే. ఏడేళ్ల పాటు గమనించిన పరిశోధనలో పాత మందు సైక్లోస్పోరిన్ కంటే మెరుగైన ఫలితాలే వచ్చాయి. కానీ మొదటి నెలల్లో తీవ్రమైన రిజెక్షన్లు దానితో ఎక్కువ. ముందే యాంటీబాడీలు ఉన్న మీ ఆవిడలాంటి రోగికి అది మొదటి ఎంపిక కాదు. పైగా అది ఒక్క మాత్రకే బదులు, రిజెక్షన్ రాకుండా ఆపే మిగతా మందులు మైకోఫినోలేట్, స్టీరాయిడ్ దానితోపాటు వేసుకోవాల్సిందే. ‘మాత్రలే అక్కర్లేదు’ అన్నది నిజం కాదు.

ఆ మాత్రల గురించే ఇంకొంచెం చెప్పాలి. ఇంజెక్షన్ మొదటి వారాల కోసం, మాత్రలు జీవితాంతం కోసం. ఏటీజీ వేయించాం కదా అని ఏడాది తరవాత రిజెక్షన్‌ను ఆపే ముఖ్యమైన మాత్ర టాక్రోలిమస్‌ను పూట తప్పించినవాళ్లలో కొత్త డీఎస్‌ఏ పుట్టి, ఏ నొప్పీ లేకుండా క్రియాటినిన్ పెరిగి, చివరికి మళ్లీ డయాలసిస్‌కు ఫిస్టులా చెయ్యి చాచాల్సి వచ్చింది. పొద్దున ఎనిమిదికి వేసుకుంటే రాత్రి ఎనిమిదికి, ఫోన్‌లో అలారం పెట్టండి. రక్తంలో మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర. డాక్టరును అడగకుండా కంపెనీ మార్చవద్దు. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినవద్దు, అవి రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తాయి. ఒళ్లునొప్పులకు ఊళ్లో వేసే డైక్లోఫినాక్ సూది, నాటు మందు, రెండూ వద్దు. ఉద్దానంలో దీని గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీరు కళ్లారా చూసినవాళ్లే. ఇంకొకటి, మైకోఫినోలేట్ వాడుతున్నప్పుడు గర్భం వస్తే బిడ్డకు అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఆపరేషన్‌కు ముందే గర్భనిరోధం గురించి మీ ఇద్దరూ కలిసి డాక్టరుతో మాట్లాడండి. ఆమెను ఒక్కదాన్నే పంపకండి.

పిల్లల సంగతి. దగ్గరికి రానివ్వవచ్చు. వార్డులో ఉన్నన్ని రోజులు ఆసుపత్రి నిబంధన ప్రకారం, ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని ఒళ్లో కూర్చోవచ్చు, పక్కన పడుకోవచ్చు. జలుబో దగ్గో ఉన్న రోజుల్లో ఇద్దరికీ మాస్క్ పెట్టండి, అది తగ్గేదాకా పిల్లలు వేరే మంచం మీద పడుకుంటారు, అంతే. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో వాళ్లమ్మను అడిగి డాక్టరుకు చెప్పండి. పోయకపోతే దాని టీకా మార్పిడికి ముందే, ఆయన చెప్పినన్ని వారాల వ్యవధితో వేయించాలి, తరవాత ఆ టీకా వేయకూడదు. రేపు బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోసి మీ పిల్లల ఒంటి మీద ఒక్క పొక్కు కనబడినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు ఫోన్ చేయండి.